స్వయం కోర్సులో చేరే ముందు

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయంలో పాఠాలు ఉచితం, క్రెడిట్ (డిగ్రీలో లెక్కకొచ్చే పాయింటు) మాత్రం ఊరికే రాదు. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేయొచ్చని యూజీసీ 2021 నిబంధనలు చెప్తున్నాయి నిజమే, అయితే ఏ కోర్సు ఏ సబ్జెక్టుకు బదులు లెక్కేయాలో తేల్చేది మీ కాలేజీయే. కాబట్టి ముందు హెచ్‌ఓడీ (మీ విభాగం హెడ్) దగ్గరికెళ్లి, కోర్సు పేరు, కోడ్, ఎన్ని వారాలో రాసి సంతకం పెట్టించుకోండి. "చేసేయమ్మా, చూద్దాం" అన్న మాట నమ్మి నేను పన్నెండు వారాలు కూర్చున్నాను, తీరా సర్టిఫికెట్ తీసుకెళ్తే ఆ సార్ బదిలీ అయిపోయారు, కొత్తాయన ఇది మన లిస్టులోనే లేదన్నారు.

వారాలు కూడా చూసుకోండి. స్వయంలో ఐఐటీల కోర్సులు నడిపే ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకు మామూలుగా 3 క్రెడిట్లు, 8 వారాలకు 2. మీ సబ్జెక్టు 3 క్రెడిట్లదైతే ఎనిమిది వారాలది తీసుకుని తర్వాత లబోదిబోమంటే లాభం లేదు.

చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు! పరీక్షకు ఫీజు కట్టాలి, సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఎన్‌పీటెల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో 30 రావాలి, ఒకదాంట్లో ఎక్కువొచ్చినా రెండోదాన్ని కాపాడదు. చివరి వారం చూద్దాంలే అనుకోకండి, గడువు దాటిన అసైన్‌మెంట్‌కి సున్నా.

పేరు టెన్త్ మెమోలో, ఆధార్‌లో, స్వయంలో ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండటం మనకు మామూలే, ముందే సరిచేయించుకోండి. డిజిలాకర్‌లో ఏబీసీ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) కూడా అప్పుడే తీసేసుకోండి, అయిదు నిమిషాల పని.