వాటర్‌ప్రూఫ్ బూట్లలో తడి: నేను సరిచేసిన తీరు

కొండదారుల్లో వేసుకునే నా వాటర్‌ప్రూఫ్ బూట్లలో సాక్సులు తడవడం మొదలైంది. బూటులో నీళ్లు పోసి పొడి కాగితంపై నిలబెట్టాను. చుక్క కూడా బయటికి రాలేదు. అంటే నీళ్లను ఆపే లోపలి పొర చిరగలేదు, ఆ తడి చెమటదే. పైతోలు మీద నీటిని జార్చే పూత అరిగితే తోలు నీళ్లు పీల్చుకుంటుంది, అప్పుడు లోపలి చెమట ఆవిరి బయటికి సరిగా పోదు. చాలామంది ఇది తెలియక మంచి బూట్లను పారేస్తారు!

బురదంతా బ్రష్‌తో కడిగి, తోలు తడిగా ఉండగానే నీటి ఆధారిత పూత రాశాను. లోపల కాగితం ఉండలు కుక్కి నీడలో ఆరబెట్టాను. ఎంత తొందరున్నా హీటరు దగ్గర మాత్రం పెట్టకండి. అడుగుభాగం జిగురు వదులుతుంది, తోలు బిరుసెక్కి పగులుతుంది. నూలు సాక్సులు మాని ఉన్నివి వేసుకుంటున్నాను. ఇప్పుడు పాదాలు పొడిగా ఉంటున్నాయి.