సింగాడా పిండి రొట్టె విరగకుండా వచ్చింది (నా అనుభవం)

నవరాత్రి ఉపవాసానికి సింగాడా పిండి (చెరువుల్లో కాసే సింగాడా కాయల్ని ఎండబెట్టి ఆడించిన పిండి) తెచ్చిన ప్రతిసారీ అదే బాధ, ఒత్తుతుంటే అంచులు పగలడం, పెనం మీద వేసేలోపే ముక్కలవడం. నీళ్లు పెంచి చూశా, నెయ్యి కలిపా, గంటసేపు నానబెట్టా, ఏదీ పనిచెయ్యలేదు. ఇందులో గ్లూటెన్ (గోధుమలో ఉండే, పిండిని సాగనిచ్చే జిగురు) ఉండదు కదా, గోధుమపిండిలా ఎక్కడ సాగుతుంది, అప్పుడు అమ్మ జొన్నరొట్టెకి ఎసరు పోసి కలపడం గుర్తొచ్చింది.

కప్పు పిండికి ఒక మీడియం ఆలుగడ్డ ఉడకబెట్టి వేడిమీదే మెత్తగా మెదిపి, పిండి, సైంధవ లవణం, జీలకర్ర కలిపా. తర్వాత మరిగే నీళ్లు ఒక్కో స్పూనే పోస్తూ గరిటెతో తిప్పా, నాకు నాలుగైదు స్పూన్లే పట్టాయి. మూతపెట్టి పది నిమిషాలాగి, గోరువెచ్చగా ఉన్నప్పుడే బాగా పిసికా (చల్లారనిస్తే మళ్లీ పగులుతుంది, ఇదే అసలు కిటుకు). నూనె రాసిన కవర్ మీద చేత్తో కాస్త మందంగా తట్టి, అరచేతిలోకి తీసుకుని పెనం మీద వేశా. అడుగు గట్టిపడేదాకా కదపలేదు. ఒక్కటి కూడా విరగలేదు!

గోధుమ పడనివాళ్లకి ఇది నిజంగా వరం, కానీ పిండిపదార్థమే ఎక్కువ, పైగా ఆలుగడ్డ తోడు, షుగర్ ఉన్నవాళ్లు లెక్కచూసుకుని తినండి. నేను చేసింది రెండు ప్యాకెట్లతోనే, మీ పిండి గరుకుగా ఉంటే నీళ్లు ఇంకాస్త పట్టొచ్చు.