డీటీపీ షాపు మేటర్ ఫోన్‌లోనూ తెలుగులో కనిపించాలంటే

సంక్రాంతి ముందు అమలాపురం డీటీపీ షాపులకు ఊపిరి సలపదు. ప్రభల తీర్థం కరపత్రాలు, చందాల జాబితాలు అన్నీ అక్కడే. మీరూ ఏదైనా కొట్టించుకుంటే ఒక్క మాట అడగండి: "బాబూ, పీడీఎఫ్‌తో పాటు మేటర్ యూనికోడ్‌లో కూడా ఇవ్వవా?"

అక్కడ ఎక్కువగా వాడేది 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను పెట్టుకుంటాయి. ఆ ఫాంటు లేని ఫోన్‌లో కనిపించేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించిన ప్రపంచ ప్రమాణం. అందులో 'క' అంటే 3093 అనే సంఖ్య. ఏ కంపెనీ ఫోనైనా, కంప్యూటరైనా దాన్ని 'క' అనే చదువుతుంది.

తేల్చుకోవడం తేలికే. వాళ్లిచ్చిన మేటర్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగులాగే వస్తే టెన్షన్ లేదు.

పాత అను ఫైళ్లుంటే వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కానీ మార్చాక ఒత్తులు, వట్రుసుడులు తప్పకుండా సరిచూడండి. ముఖ్యంగా ఇంటిపేర్లు. చందా ఇచ్చిన పెద్దాయన పేరు తప్పు పడితే నొచ్చుకోరూ?

షాపువాళ్లనీ తప్పుపట్టలేం, చాలామంది ఇంకా వాడే పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్‌కి యూనికోడ్ తెలుగు పడదు. అందుకే మేటర్‌ని మీరే ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైప్ చేసి పంపడం అన్నిటికంటే మేలు. వాళ్లు ప్రింటుకోసం అనులోకి మార్చుకుంటారు, అసలు కాపీ మీ దగ్గరే ఉంటుంది. వచ్చే ఏడు తేదీలు, పేర్లు మార్చి పంపితే చాలు.