హారెట్ బార్ నిండాక పాకెట్ పీసీ బిగుసుకుపోతే: నా అనుభవం

విండోస్ సీఈ ఉన్న, పీఎక్స్‌ఏ270 ప్రాసెసర్ గల పాకెట్ పీసీలో (చేతి కంప్యూటర్‌లో) హారెట్‌తో, అంటే విండోస్ సీఈ లోంచే లైనక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్‌తో, లైనక్స్ ఎక్కిస్తే ప్రోగ్రెస్ బార్ చివరిదాకా నిండి, స్క్రీన్ అక్కడే ఆగిపోతుంది. కంపైలర్ మార్చడం, కెర్నల్ (లైనక్స్ మూల భాగం) చిన్నది చేయడం, ఎస్‌డీ కార్డు మార్చడం: ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు సీరియల్ తీగ కలపండి (పరికరం పంపే సందేశాలు వేరే కంప్యూటర్‌లో చూడటానికి), వేగం సెకనుకు 115200 బిట్లు. పిన్ వోల్టేజ్ కొలవకుండా మాత్రం కలపొద్దు, 3.3 వోల్టుల పిన్‌కి ఆర్‌ఎస్-232 (ఎక్కువ వోల్టేజ్ వాడే సీరియల్ పోర్టు) తగిలిస్తే చిప్ పోతుంది. తర్వాత కెర్నల్ కాన్ఫిగ్‌లో (కంపైల్ చేసే ముందు ఎంచుకునే సెట్టింగుల్లో) కెర్నల్ డీబగ్గింగ్, దాని కింద లో-లెవెల్ డీబగ్ ఆన్ చేసి, మీ బోర్డులో బయటికి వచ్చిన యూఆర్ట్‌నే (చిప్‌లోని సీరియల్ పోర్టునే) ఎంచుకోండి. తప్పుది ఎంచుకుంటే కెర్నల్ అక్కడే ఆగిపోవచ్చు, అప్పుడు కొత్త చిక్కు.

ఈసారి అసలు మాట బయటపడింది: 'ఈ మెషీన్ ఐడీ (పరికరం మోడల్‌ని గుర్తించే సంఖ్య) నాకు తెలియదు' అనే ఎర్రర్, ఆ ఐడీగా ప్రాసెసర్‌లోని ఆర్1 రిజిస్టర్‌లో వచ్చిన విలువ, కింద కెర్నల్‌కి తెలిసిన మెషీన్ల పట్టిక. ఆ పట్టిక అంకెలు హెక్స్‌లో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) ఉంటాయి. పట్టికలోని మన మెషీన్ ఐడీని డెసిమల్‌లోకి (మామూలు అంకెల్లోకి) మార్చి, హారెట్ స్క్రిప్ట్‌లో 'సెట్ ఎంటైప్' పక్కన, 'బూట్‌లినక్స్' వరుసకి పైన రాయాలి. అంతే, బూట్ సందేశాలు కదిలాయి.

పట్టికలో మన మెషీన్ లేకపోతే దాని సపోర్ట్ కాన్ఫిగ్‌లో ఎంచుకోలేదన్నమాట. డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాల జాబితా) వాడే కెర్నల్ అయితే ఆ జాబితా ఉండే డీటీబీ ఫైల్‌ని జెడ్‌ఇమేజ్ (కుదించిన కెర్నల్ ఫైల్) చివర అతికించి, అతికించిన డీటీబీ ఆప్షన్ ఆన్ చేయాలి.

ఇది పీఎక్స్‌ఏ270 మీద చూసినది. వేరే ప్రాసెసర్‌లో ఇదే లక్షణానికి ర్యామ్ చిరునామా తప్పు కూడా కారణం కావచ్చు. సీరియల్ చూశాకే తేల్చుకోండి.