కార్డు మార్చినా శంషాబాద్‌ల గదే 20 ఎఫ్‌పీఎస్: ఫ్లైట్ సిమ్‌కి గ్రాఫిక్స్ కార్డు ఎట్ల ఎంచుకోవాలె

ముందుగాల నా సంగతి చెప్తా. మాది నల్లగొండ. ఐ5 9400ఎఫ్ సిస్టమ్, అండ్ల 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉండె. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌ల శంషాబాద్ గేటు కాడ ఏ320 కాక్‌పిట్‌ల కూసుంటే 20 ఎఫ్‌పీఎస్ (సెకండుకు వచ్చే బొమ్మల లెక్క) దాటకపోయేది. ఇగ ఆగలేక పొద్దుగాల్నే బస్సెక్కి సికింద్రాబాద్‌ల కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీకి పోయి ఆర్‌టీఎక్స్ 3060 కార్డు తెచ్చి పెట్టిన, నాగార్జునసాగర్ మీద, నల్లమల మీద తిరుగుతుంటే మస్తుగుంది, చెట్లు మబ్బులు అన్నీ అల్ట్రాల పెట్టినా తడబడలే. మల్ల శంషాబాద్ గేటు కాడికొస్తే గదే 20. అక్కడ ఆయాసపడేది కార్డు కాదు, సీపీయూ, అంటే ప్రాసెసర్. ఒక ఎద్దు బలంగుండి ఇంకోటి బక్కదైతే బండి బక్కదాని నడకనే నడుస్తది కదా, గట్ల.

అందుకే షాపుకు పోకముందు ఇంట్లనే ఒక టెస్ట్ చేయుండ్రి. మీరు ఎక్కువ తిరిగే ఎయిర్‌పోర్టుల, మీ విమానంలనే కూసొని రెండర్ స్కేలింగ్ (బొమ్మ ఎంత వివరంగ గీయాలో చెప్పే సెట్టింగ్) 50కి దించుండ్రి. ఎఫ్‌పీఎస్ బాగ పెరిగితే కార్డే బక్కది, మారిస్తే ఫాయిదా ఉంటది. బొమ్మ మసకబారి ఎఫ్‌పీఎస్ అక్కడ్నే ఉందా, కార్డు మీద పైసలు పెట్టకుండ్రి. సెట్టింగ్స్‌ల డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ చూపెట్టేది పెడితే అదే చెప్తది, 'లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్' అంటే సీపీయూ, 'లిమిటెడ్ బై జీపీయూ' అంటే కార్డు. ఇంకో సిమ్ ఎక్స్‌ప్లేన్ 12ల అయితే డేటా అవుట్‌పుట్‌ల ఫ్రేమ్ రేట్‌కి టిక్ పెడితే సీపీయూ టైమ్, జీపీయూ టైమ్ వేరువేరుగ కనపడ్తయి. సీపీయూనే తక్కువైతుంటే, మీది ఏఎండీ వాళ్ల ఏఎం4 బోర్డు ఉంటే రైజన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ దొరుకుతదేమో చూడుండ్రి, దానికి 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపటి వేగమైన మెమరీ) ఉంటది, సిమ్‌లకు అది బాగ పనికొస్తది.

సరే, కార్డే మార్చాలని తేలింది అనుకుందాం. నేనైతే పేరుకన్న ముందు వీరామ్ (కార్డు మీదుండే మెమరీ) చూస్తా. ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కి వాళ్లు రాసిన లెక్కలనే రికమెండెడ్‌కి 8 జీబీ, ఐడియల్‌కి 12 జీబీ ఉంది. వీరామ్ నిండితే టెక్స్చర్లు మామూలు ర్యామ్‌లకు పోతయి, ఇగ అక్కడ్నుంచి స్టట్టర్లే (బొమ్మ ఆగి ఆగి కదులుడు), అది కూడ ఎప్పుడొస్తదంటే గంటన్నర ఎగిరి ఫైనల్‌ల, అంటే దిగే ముందు, రన్‌వే కనపడంగనే వస్తది, పానం ఉసూరుమంటది. 1080పీ ఒక్క మానిటర్‌కి 8 జీబీతోని నడుస్తది గని, 1440పీ అయినా, పెద్ద జెట్లు నడిపినా 12కు తగ్గకుండ్రి. వీఆర్ (తలకు పెట్టుకునే హెడ్‌సెట్) అనుకుంటే 16 చూడుండ్రి.

డబ్బా మీద నంబర్ చూసి మోసపోకుండ్రి. ఆర్‌టీఎక్స్ 3060ల 12 జీబీది ఉంది, 8 జీబీది ఉంది, 8 దాంట్ల మెమరీ బస్ (మెమరీకి పోయే దారి వెడల్పు) కూడ 192 బిట్ నుంచి 128కి కోసేసిన్రు. 4060 టీఐ, 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఈ మూడిట్ల 8, 16 రెండు రకాలున్నయి, సిమ్‌కైతే 16దే తీసుకోవాలె. ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది గని బోర్డుల రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీని మొత్తం ఒక్కసారే అందుకునే సౌకర్యం) లేకుంటే దాని బలం సగం పోయినట్టే, నా అసొంటి పాత సిస్టమ్‌లకు వద్దు.

డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్నగ గీసి పెద్దగ చేసి చూపెట్టే ఎన్విడియా పద్ధతి) ఉంటది కదా అంటరు. ఉంటది, కని కాక్‌పిట్ స్క్రీన్ల మీది అంకెలు అలుక్కుపోయినట్టు కనపడ్తయి, నాకు నచ్చలే. దాంట్ల ఫ్రేమ్ జనరేషన్ (నడుమ బొమ్మల్ని కార్డే తయారుచేసుడు) మాత్రం ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ నుంచి ఉంది, సీపీయూ కాడ ఆగిన సిస్టమ్‌కి కూడ కండ్లకు నున్నగ కనపడేటట్టు చేస్తది, కాకపోతే అసలు ఎఫ్‌పీఎస్ మరీ తక్కువుంటే స్టిక్ బరువుగ కదిలినట్టే ఉంటది. సిమ్‌ల ఆగకుండ 30 వస్తే సాలు, షూటింగ్ గేమ్ కాదిది.

ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) మర్చిపోకుండ్రి. 1650లు చాన వరకు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచేవి, 3060కి 170 కావాలె, 4070కి 200. కంపెనీ లెక్కల 3060కి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 4070కి 650. క్యాబినెట్‌తోని ఊరికే వచ్చినదాన్ని నమ్ముకుంటే మొత్తం సిస్టమ్‌కే ఎసరు. కార్డు పొడుగు కూడ టేపు పెట్టి కొలుసుకపోండ్రి.

ఇంక కరెంటు. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. కొత్త కార్డు పెట్టినంక కరెంటు పోంగనే యూపీఎస్ కుయ్ మని చేతులెత్తేసింది, ల్యాండింగ్ మధ్యల. 1000 వీఏది తెచ్చినంక ఆ లొల్లి పోయింది. మన ఎండలకు మూడు ఫ్యాన్ల కార్డయితే మంచిది, క్యాబినెట్ పక్క డోర్ తీసిపెట్టుడు వద్దు, దుమ్మే దుమ్ము.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే అమ్మేటాయన ముంగటనే అరగంట బరువైన సీన్ నడిపియ్యుండ్రి, న్యూయార్క్ మీద కిందికి ఎగిరితే సాలు. అరగంట ఆగనియ్యకుంటే లేసి వచ్చేయండ్రి.