పాత పూల్ స్టిక్ కొంటున్నారా? ముందు దొర్లించి చూడండి

మా అమలాపురంలో ముసురు పట్టిందంటే అటక మీద పుస్తకాలకే బూజు పడుతుంది, ఇక సన్నటి కర్ర సంగతి చెప్పాలా. నేను మొదటిసారి కొన్న పాత స్నూకర్ (పూల్ లాగే బల్ల మీద బాల్స్‌ని కర్రతో కొట్టే ఆట) స్టిక్‌ని బీరువా పక్కన గోడకి ఆనించి రెండు నెలలు దాని మొహం చూడలేదు. తీసేసరికి విల్లులా వంగి ఉంది. నాలుగు వేలు పోసి కొన్నది. ఇప్పుడు మా అమ్మ దాంతో బట్టలారేసే తీగకి పోటు పెడుతోంది.

పూల్ పార్లర్ల పుణ్యమా అని మన కుర్రాళ్లు కొందరు పాత స్టిక్‌లూ బాల్సూ కొనడం మొదలెట్టారు. "పదేళ్లు దాస్తే లక్షలు" అనే లెక్కతో మాత్రం దిగకండి. పాతదయినంత మాత్రాన ధర రాదు. ఆ ఆట ఇంకా ఆడేవాళ్లుండాలి, వస్తువు ఆడే స్థితిలో ఉండాలి, అలాంటివి తక్కువగా ఉండాలి. అమెరికాలో జరిగింది చూడండి: 1961లో ది హస్లర్ సినిమా వచ్చాక పూల్ హాళ్లు నిండాయి, 1986లో ది కలర్ ఆఫ్ మనీతో మళ్లీ ఊపొచ్చింది. ఆ రెండో సినిమాలో గొప్పగా చెప్పుకున్న స్టిక్ పేరు బాలబుష్కా. జార్జ్ బాలబుష్కా చేత్తో స్టిక్‌లు చేసేవాడు, 1975లో పోయాడు, ఇక కొత్తవి రావు, అందుకే అసలైనదానికి వేల డాలర్లు పలుకుతుంది. తమాషా ఏంటంటే సినిమాలో బాలబుష్కా అని చూపించింది నిజానికి జాస్ కంపెనీ స్టిక్. చూపులకి ఒకలాగే ఉంటే నమ్మేస్తామన్నమాట.

మన వైపు దొరికే పాత సరుకులో పూల్‌వి తక్కువ, బిలియర్డ్స్, స్నూకర్‌వే ఎక్కువ. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మధ్య. ఇంగ్లీషోళ్లు తిరిగిన ఊళ్ల క్లబ్బుల్లో ఆ బల్లలే ఉండేవి. "ఆయ్, ఇది దివాణం నుంచి వచ్చిందండి" అంటాడు అమ్మేవాడు. కాగితం చూపిస్తే నమ్మండి, లేకపోతే కర్రకి మాత్రమే డబ్బివ్వండి.

చూసే పద్ధతి ఇది. స్టిక్‌ని చదునైన బల్ల మీద పెట్టి నెమ్మదిగా దొర్లించండి, కళ్లు బల్లకి సమానంగా దించి కొన వైపు చూడండి. కొన పైకి కిందికి ఊగుతుంటే వంగినట్టే. తర్వాత వడ్రంగి బద్దని చూసినట్టు ఒక కన్ను మూసి మొదలు నుంచి కొస దాకా చూడండి. కొద్దిపాటి వంపుంటే ఆడుకోవడానికి పర్లేదు, దాచి అమ్ముదామంటే వద్దు. ఇప్పుడు పిడి దగ్గర నల్లకర్ర తెల్లకర్రలోకి ఎక్కిన చోటు చూడండి. స్నూకర్ స్టిక్‌లో చేత్తో అతికినదైతే ఆ మొనలు గుండ్రంగా మెత్తగా ముగుస్తాయి, మిషన్ అతుకైతే సూదిమొనల్లా ఉంటాయి. చేతి అతుక్కే విలువ. పిడి మీద పేరున్న బిళ్ల కనిపించగానే మాత్రం పొంగిపోకండి. జో డేవిస్ 1927 నుంచి 1946 దాకా 15 సార్లు స్నూకర్ ప్రపంచ ఛాంపియన్, నిజమే, కానీ ఆయన పేరుతో కంపెనీలు కుప్పలుగా స్టిక్‌లు వదిలాయి.

మెరుగు కోసం ఉప్పుకాగితం పట్టకండి. పాత వార్నిష్, బిళ్ల మీద అక్షరాలు పోతే సగం ధర పోయినట్టే. కొనకుండే తోలు టిప్ మార్చుకోవచ్చు, అది అరిగేదే కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.

బాల్స్ విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. పాతవి ఏనుగుదంతంవని ఎవరైనా తెస్తే చేతులు వెనక్కి పెట్టుకోండి. దంతం కొనడం, అమ్మడం వన్యప్రాణి చట్టం కింద నేరం, "మా తాతగారిదండి" అంటే సరిపోదు. మిగతావాటిలో కొలత చూడండి: పూల్ బాల్ దాదాపు 57 మిల్లీమీటర్లు, స్నూకర్‌ది 52.5. రెండు సెట్లు కలిపి అంటగట్టేవాళ్లున్నారు. పెచ్చు లేచినా, ఒకటి తగ్గినా సెట్ విలువ పడిపోతుంది, విడి బాల్ వెతికి జత చేయడం తలనొప్పి.

బల్ల జోలికి దాచుకోవడానికైతే వెళ్లకండి. స్నూకర్ బల్ల 12 అడుగులు, కింద ఐదు పలకరాతి ముక్కలు, మొత్తం టన్ను పైమాటే. కొన్న ధర కంటే విప్పి, లారీ ఎక్కించి, మట్టం చూసి మళ్లీ బిగించడానికే ఎక్కువ అవుతుంది. మండువా లోగిలి ఉండి రోజూ ఆడతామంటే అది వేరే సంగతి.

దాచడం దగ్గరే మనకి అసలు టెన్షన్. గోడకి ఆనించకండి, నిలువుగా వేలాడదీయండి లేదా గట్టి కేస్‌లో పెట్టండి. ఎండ తగిలే పడమటి గోడ, వంటింటి పక్క గది, తడి నేల పనికిరావు. కేస్‌లో సిలికా జెల్ పొట్లాలు వేసి మార్చుతుండండి. ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే చెమ్మలో పెట్టొద్దు. ఆడాక పొడి గుడ్డతో తుడవండి. కొబ్బరి నూనె రాయమని ఇంట్లో అంటారు, వినకండి, జిడ్డు పేరుకుని టిప్‌కి రాసే సుద్ద మరకలు అంటుకుంటాయి. అవిసె నూనె నాలుగు చుక్కలు, అదీ ఎప్పుడో ఒకసారి.

కొన్న రోజే పిడి, బిళ్ల, అతుకు దగ్గరగా ఫొటోలు తీసి, ఎవరి దగ్గర ఎంతకి కొన్నారో తేదీ వేసి రాసి, ఆ కాగితాన్ని కేస్‌లోనే పెట్టండి. తర్వాత అమ్మబోతే కొనేవాడు మొదట అడిగేది అదే.