లైను నంబరు ఒకటి చెబుతుంది, తప్పు ఇంకో లైనులో ఉంటుంది: ఎందుకు, ఏం చెయ్యాలి

పర్లాకిమిడిలో మేం తెలుగు మాటలకు ఒడియా మాటలు రాసి పెట్టుకుంటున్నాం. లైనుకో మాట: బియ్యం, ట్యాబు, చాఉళ. కొబ్బరికాయ, ట్యాబు, నడియా. సగం నేను కొడతాను, మిగతా సగం గుణుపురం నుంచి మా బావ కొట్టి పంపిస్తాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని నిఘంటువు కట్టిన ఊరు మాది, మాటలు పోగు చెయ్యడం మాకు చిన్న పనిగా అనిపించదు. ట్యాబు మర్చిపోయిన లైన్లు పట్టుకోడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. అది 412వ లైనులో తప్పుంది అంటుంది, ఎడిటర్‌లో 412కి వెళ్తే అక్కడ అంతా బాగానే ఉంటుంది. ఇలాంటప్పుడు కోడ్ చూడకండి ముందు. తేడా ఎంత ఉందో చూడండి, ఫైలు కిందికి వెళ్లే కొద్దీ అది పెరుగుతోందో లేదో చూడండి. సగం కారణం అక్కడే దొరికిపోతుంది.

తేడా ఎప్పుడూ 1 అయితే

పైథాన్‌లో లైన్లకు వరస నంబర్లు వేసే ఎన్యూమరేట్ సున్నా నుంచి లెక్క పెడుతుంది, ఎడిటర్ 1 నుంచి పెడుతుంది. ఎన్యూమరేట్‌కు స్టార్ట్ అని 1 ఇవ్వండి, అయిపోయింది. తేడా ఎప్పుడూ 2 ఉంటే, పైనున్న శీర్షిక లైనును నెక్స్ట్‌తో చదివి పక్కన పెట్టేసి, ఆ తర్వాత సున్నా నుంచి మొదలుపెట్టి ఉంటారు. అప్పుడు స్టార్ట్ 2 అవ్వాలి.

ప్రోగ్రాం చెప్పే నంబరు అసలు నంబరు కంటే తక్కువ, కిందికి పోయే కొద్దీ ఇంకా తక్కువ

ఖాళీ లైన్లు లెక్కలోకి రావడం లేదు. ఖాళీ లైన్లు తీసేసిన లిస్టు ముందే తయారు చేసి దానికి నంబర్లు వేసినా, ఖాళీ లైనును దాటేసే కంటిన్యూ రాసిన తర్వాత లెక్క పెంచినా ఇదే జరుగుతుంది. లైను చదవగానే మొట్టమొదట నంబరు పెరగాలి, ఖాళీయా కాదా అన్నది ఆ తర్వాతే చూడాలి.

ఖాళీ లైన్లే లేవు, అయినా తగ్గుతోంది, పైగా అది సీఎస్‌వీ ఫైలు (గడుల మధ్య కామాలు పెట్టి రాసేది) అంటే మాత్రం కొటేషన్ల మధ్య ఎంటర్ కొట్టిన గడి ఏదో ఉంది. మా బావ ఒక మాటకు రెండు అర్థాలుంటే ఒకే గడిలో కిందా పైనా రాస్తాడు, అది రికార్డుగా ఒకటే, ఫైల్లో మాత్రం రెండు లైన్లు. అక్కడ ఎన్యూమరేట్ రికార్డులను లెక్కపెడుతుంది. సీఎస్‌వీ రీడర్‌కే లైన్‌నమ్ అని ఒకటి ఉంది, అది నిజంగా చదివిన లైన్లను చెబుతుంది, కాకపోతే రికార్డు ముగిసిన లైను నంబరు ఇస్తుంది. మొదలైన లైను కావాలంటే అంతకు ముందు రికార్డు దగ్గరున్న లైన్‌నమ్‌కి 1 కలపాలి.

నంబరు అసలు కంటే ఎక్కువ, మెల్లగా పెరుగుతూ ఉంది

నన్ను రెండు రాత్రులు కూర్చోబెట్టింది ఇదే, మాటల్లో చెప్పలేనంత టెన్షన్ పడ్డాను, ఎందుకంటే కంటికి కనిపించే తప్పు ఫైల్లో ఏమీ లేదు. ఫైలు మొత్తం ఒకేసారి చదివి స్ప్లిట్‌లైన్స్‌తో విడగొట్టాను. స్ప్లిట్‌లైన్స్ ఎంటర్ దగ్గరే కాదు, ఫారం ఫీడ్ (పేజీ మారిందని చెప్పే, కంటికి కనిపించని గుర్తు) దగ్గర, వర్టికల్ ట్యాబు దగ్గర, యూనికోడ్‌లోని 2028 నంబరు లైన్ సెపరేటర్ దగ్గర కూడా విడగొడుతుంది. నా ఫైల్లో కొంత భాగం పీడీఎఫ్ నుంచి పీడీఎఫ్‌టుటెక్స్ట్‌తో తీసింది, అది పేజీ పేజీకీ చివర ఒక ఫారం ఫీడ్ పెడుతుంది. అంటే పేజీ దాటినప్పుడల్లా నా లెక్క ఒకటి ముందుకు జరుగుతోంది, 5వ పేజీలో ఉన్న తప్పుకు 4 లైన్ల తేడా వచ్చింది. ఫైలును నేరుగా ఫర్ లూప్‌లో పెట్టి లైను లైనుగా చదివితే ఈ బాధ లేదు, అక్కడ పైథాన్ ఎంటర్ గుర్తులను మాత్రమే చూస్తుంది. అనుమానం ఉన్న లైనును రెప్ర్‌తో ముద్రించి చూడండి, దాక్కున్న గుర్తులన్నీ బయటపడతాయి.

ఫైల్లో అన్ని లైన్లే లేవు, అయినా పెద్ద నంబరు చెబుతోంది

ఒకటి కంటే ఎక్కువ ఫైళ్లు వరసగా చదువుతున్నారు. నా ఫైలు 700 లైన్లు, బావది 640. ప్రోగ్రాం 1,012 అంది. అది బావ ఫైల్లో 312వ లైను. పైథాన్‌లో వరసగా ఫైళ్లు చదివే ఫైల్‌ఇన్‌పుట్ వాడితే లైన్‌నో అన్నిటినీ కలిపి లెక్కపెడుతుంది, మీకు కావాల్సింది ఫైల్‌లైన్‌నో. ఆక్ అనే ఇంకో భాషలో రాస్తే ఎన్‌ఆర్ బదులు ఎఫ్‌ఎన్‌ఆర్ రాయండి. పెర్ల్‌లో వరసగా ఇచ్చిన ఫైళ్లకు, లైను నంబరు ఉండే డాలర్ చుక్క తనంతట తాను మొదటికి రాదు, ఒక్కో ఫైలు అయిపోగానే ఏఆర్‌జీవీ హ్యాండిల్‌ను క్లోజ్ చెయ్యాలి. పైగా డాలర్ చుక్క చివరగా చదివిన ఫైలుది మాత్రమే, లూప్ లోపల ఇంకో ఫైలు తెరిచి చదివారా, నంబరు దాన్ని చూపిస్తుంది. అందుకే పెర్ల్‌లో లైను చదవగానే ఆ నంబరును నేను వేరే వేరియబుల్‌లో దాచేస్తాను.

ఎక్కడ తప్పున్నా 1వ లైను అనే చెబుతోంది

పాత మాక్ పద్ధతిలో లైను చివర క్యారేజ్ రిటర్న్ ఒక్కటే ఉండి ఉంటుంది. పెర్ల్‌కూ ఆక్‌కూ ఆ ఫైలు మొత్తం ఒకే లైను. పైథాన్‌లో న్యూలైన్ అనే ఆప్షన్ ఏమీ ఇవ్వకుండా ఓపెన్ చేస్తే మూడు రకాల ఎంటర్లనూ అదే గుర్తుపడుతుంది. మొదటి లైనులోనే తప్పు చూపిస్తూ మిగతావన్నీ సరిగ్గా ఉంటే మాత్రం అది వేరే సంగతి, ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ చెప్పే, కంటికి కనిపించని బీఓఎమ్ గుర్తు ఉంది, ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి.

లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండుకు మైనస్ ఎల్ ఇచ్చి సరిచూసుకునేవాళ్లకు ఒక మాట: అది ఎంటర్లను లెక్కపెడుతుంది, చివరి లైను తర్వాత ఎంటర్ లేకపోతే ఒకటి తక్కువ చెబుతుంది. మీ ప్రోగ్రాం తప్పని అప్పుడే అనుకోకండి.

ఇవన్నీ సరిచేశాక కూడా బావ ఫోన్ చేసి, లైను దొరకలేదురా అన్నాడు. ఆయన ఫైలును ఫోన్లో తెరుస్తాడు, అక్కడ లైను నంబర్లే కనిపించవు, పొడుగు లైన్లు మడత పడి రెండు మూడుగా కనిపిస్తాయి. అందుకని ఇప్పుడు ఫైలు పేరు, లైను నంబరు, ఆ లైనులో మొదటి 20 అక్షరాలు, మూడూ కలిపి ముద్రిస్తున్నాను. బావ ఆ అక్షరాలు సెర్చ్‌లో పెట్టి వెతుక్కుంటున్నాడు.